జిగురు బుడగ

నలభై రోజులుగా తమ్ముడు కంచం ముందు కూర్చోవడమే గాని తినడం లేదు. కలుపుతాడు, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటాడు, లేచి చేయి కడుక్కుంటాడు. అక్క ఇప్పుడు ఏమీ అనదు. మొదటి వారం బతిమాలింది, కసిరింది, అలిగి తనూ పస్తు పడుకుంది. దేనికీ చలించలేదు వాడు. చచ్చినవాడు లేచొచ్చి పక్కన కూర్చుంటే తప్ప వీడికి ముద్ద దిగదని ఆమెకు తెలిసిపోయింది.

చచ్చినవాడు తమ్ముడి స్నేహితుడు. పేరు పెట్టి ఎవరూ పిలవలేదు, ఉక్కు యార్డంతా వాణ్ణి బక్కోడు అనే అనేది. తమ్ముడు అక్కడ క్రేను నడిపేవాడు. బక్కోడు కింద నిలబడి కొక్కేనికి గొలుసులు తగిలించి, చేయెత్తి సైగ చేసేవాడు. పైన గదిలో ఉన్నవాడికి కింద సంగతులు సగమే కనపడతాయి, మిగతా సగం కిందివాడి చేతి మీద నమ్మకం. అలా తొమ్మిదేళ్ళు ఒకడి చేయి ఇంకొకడు చూస్తూ పనిచేశారు. నలభై రోజుల కిందట, పొద్దున పదిన్నరకి, ఇనప రేకుల కట్ట ఒకటి కింది కట్టకు ఇరుక్కుని లేవనని మొరాయించింది. తమ్ముడు మీట కాస్త గట్టిగా లాగాడు. కట్ట విదిలించుకుని లేచింది, ఊగింది. కొక్కేన్ని పట్టి ఉంచే పిన్ను, మణికట్టంత లావున్న ఉక్కు పిన్ను, పుటుక్కున విరిగింది. బక్కోడికి పక్కకు తప్పుకునే వ్యవధి లేకపోయింది.

"నేనే కుదుపు ఇచ్చాను" అని తమ్ముడు ఆ రోజే అందరి ముందూ చెప్పేశాడు. అడిగినవాళ్ళకీ చెప్పాడు, అడగనివాళ్ళకీ చెప్పాడు. యాజమాన్యానికి అంతకన్నా ఏం కావాలి? తప్పు నాదేనని తనంతట తాను మెడ చాచే డ్రైవరు దొరికితే ఎవరు వద్దంటారు? వాణ్ణి పనిలోంచి నిలిపేశారు, విచారణాధికారిని వేశారు. సోమవారం వాడు ఆయన ముందు సంతకం పెట్టాలి. పెట్టాక కేసు, కేసు తర్వాత జైలు. ఇదంతా వాడికి ఎవరో వివరంగా చెబితే, "అంతేగా" అన్నాడట.

శుక్రవారం పొద్దున ఆమె పనికి బయల్దేరుతూ, బల్ల మీద మూడు రోజులుగా విప్పకుండా పడి ఉన్న విచారణ నోటీసు విప్పింది. వాడు చదవడు, కనీసం తనైనా చదవాలి కదా అని. రెండో పేజీలో విరిగిన పిన్ను వివరాలున్నాయి. ఏ కడ్డీలోంచి తీశారు, ఎప్పుడు, ఆ కడ్డీ ఉక్కును ఎవరు పరీక్షించారు. కడ్డీ నంబరు పక్కనే పరీక్షశాల ముద్ర. అది ఆమె పనిచేసే పరీక్షశాల ముద్రే.

బస్సులో నిలబడి ఆ నంబరే నాలుగుసార్లు చదువుకుంది. ఏడాదికి ఎన్నో కడ్డీల నుంచి కోసిన ముక్కలు వందల్లో వస్తాయి, తన గదికే వచ్చి ఉంటుందని ఏముంది అనుకుంది. అనుకుంటూనే ఐదోసారి చదివింది.

ఆమె గది మేడ మెట్ల కింద, కిటికీ లేని గది. లారీలు పోయేటప్పుడు అదురు తగలకూడదని యంత్రాన్ని అక్కడ పెట్టారు, యంత్రంతోపాటు ఆమెనూ పెట్టారు. పదకొండేళ్ళుగా ఆ గదిలో ఆమె చేసేది ఒకటే పని, ఉక్కు ముక్కల లోపలి మోత వినడం. చెవులతో కాదు. యంత్రం మెడలోంచి ఎలక్ట్రాన్ల పుంజం సూది మొనకన్నా సన్నగా దిగి ముక్క మీద పడుతుంది. ఊరికే పడి ఉండదు, సెకనుకి లక్షసార్లు వెలిగి ఆరుతుంది. పడ్డప్పుడల్లా ఆ చుక్క మేర లోహం వేడెక్కి ఉబ్బుతుంది, ఆరినప్పుడల్లా చల్లారి ముడుచుకుంటుంది. సెకనుకి లక్షసార్లు ఉబ్బి ముడుచుకుంటే ఎంత గట్టి లోహమైనా గమ్మునుండలేదు, సన్నగా మోగుతుంది. ఆ మోత మనిషికి వినపడదు. ముక్క అడుగున అంటించిన చిన్న బిళ్ళ దాన్ని విని కరెంటుగా మారుస్తుంది. పుంజం వరసవరసగా పాకుతుంటే తెర మీద బొమ్మ వరసవరసగా దిగుతుంది. లోపల పగులుంటే వేడి అక్కడ ఆగిపోతుంది, మోత మారుతుంది, బొమ్మలో నీడ పడుతుంది. పైకి అద్దంలా మెరిసే ఉక్కు కడుపులో ఏం దాచుకుందో ఆ నీడ చెబుతుంది. అందుకే పరీక్షశాలలో ఆమెను నీడలమ్మ అంటారు. ముందు వెటకారానికి అన్నారు, తర్వాత అదే పేరైపోయింది.

అయితే ఈ పనిలో ఒక పీడ ఉంది. ముక్కను బిళ్ళకు వెండి పొడి కలిపిన జిగురుతో అంటిస్తారు. ఆ జిగురులో గాలి బుడగ చిక్కుకుంటే మోత అక్కడ కిందికి దిగదు, అప్పుడూ నీడే పడుతుంది. ఏ నీడ ఉక్కుది, ఏ నీడ జిగురుది? తేల్చుకోవాలంటే ముక్కను ఊడదీసి, శుభ్రంగా తుడిచి, కొత్త జిగురుతో అంటించి మళ్ళీ చూడాలి. ముక్క మూలన గుర్తు కోసం పెట్టిన గాటు ఉంటుంది. గాటుకు అంతే దూరంలో నీడ మళ్ళీ కనపడితే అది ఉక్కులోదే. బుడగైతే సరిగ్గా అదే చోట రెండోసారి పుట్టదు కదా. జిగురు ఆరాలి, యంత్రంలోని గాలంతా పంపు లాగెయ్యాలి, పుంజం కుదురుకోవాలి. మొత్తం గంటన్నర.

ఆ గంటన్నర పెట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఆమెకు పని నేర్పిన పెద్దాయన మొదటి వారంలోనే చెప్పాడు: "గుండ్రంగా ఉంటే జిగురు, గీతలా ఉంటే పగులు. ప్రతిదాన్నీ ఊడదీసి అంటిస్తూ కూర్చుంటే నీ జన్మ ఇక్కడే తెల్లారిపోతుంది." ఆయన మాట నూటికి తొంభైతొమ్మిదిసార్లు నిజమే. నివేదిక కాగితంలో 'అంటింపు లోపం' అని ఒక గడే ఉంది. గుండ్రటి నీడ కనపడితే ఆ గడిలో టిక్కు కొట్టి, కింద 'లోహం బాగుంది' అని రాసి సంతకం పెట్టేయడమే. పెద్దాయన రిటైరై వెళ్ళిపోయాడు, గడి మాత్రం ఉండిపోయింది.

ఆమె ఫైలు తీసింది. ఎనిమిది నెలల కిందటి నివేదిక. అంటింపు లోపం దగ్గర టిక్కు. లోహం బాగుంది. సంతకం తనదే, వంక పెట్టడానికి లేనంత అందంగా ఉంది.

ఫైలులో బొమ్మ కూడా ఉంది. నీడ గుండ్రంగానే ఉంది, కాని ఒక పక్కన వెంట్రుకవాసంత తోక. ఆ తోక ఆమెకు కొత్త కాదు. ఆ రోజు కూడా చూసింది. చూసి, "ఇదేంటి, తోకుంది" అని మనసులో అనుకుంది కూడా. అనుకుంటూ ఉండగానే చేయి వెళ్ళి టిక్కు కొట్టేసింది. పదకొండేళ్ళ అలవాటు చేతికి ఉంటుంది, దానికి మనసుతో పని లేదు. ఆ రోజు తొందర కూడా ఏమీ లేదు.

పరీక్షించిన ముక్కలన్నీ పదేళ్ళు దాచాలని నియమం. గోడ బీరువాలో రేకు డబ్బాల్లో ఉంటాయి. ఆమె ఆ డబ్బా వెతికి ముక్కను అరచేతిలో పెట్టుకుంది. ఎంతో లేదు, బొటనవేలి గోరంత. కిటికీ లేని ఆ గదిలో తనొక్కతే, చేతిలో అదొక్కటే. పోతూ పోతూ దారిలో మురిక్కాలవలో పారేసినా అడిగే నాథుడు లేడు. సోమవారం తమ్ముడు సంతకం పెడతాడు, కథ ముగిసిపోతుంది.

ముక్కను పాత జిగురు పోయేదాకా ద్రావకంలో నానబెట్టింది, తుడిచింది, కొత్త జిగురు రాసి అంటించింది. బుడగ రాకుండా జీవితంలో ఎప్పుడూ అంత జాగ్రత్తగా రాయలేదు. పంపు వేసింది. ఇక కూర్చోవడమే.

కూర్చున్నప్పుడు తెలిసింది తను ఎక్కడ ఇరుక్కుందో. నీడ మళ్ళీ కనపడకపోతే, ఉక్కు మంచిదే, కుదుపే పిన్నును విరిచింది, బక్కోణ్ణి చంపింది తమ్ముడు. నీడ కనపడితే చంపింది తను. మూడోది లేదు. ఏది కావాలని కోరుకోవాలి? అమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. తల దువ్వి, బొత్తాలు పెట్టి, చేయి పట్టుకుని బడికి పంపింది తనే. వాడి కోసం ప్రాణమిస్తానని ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. అలాంటి మనిషి ఆ పంపు రొదలో కూర్చుని ఏం కోరుకుంది? నీడ ఉండకూడదని. మొదటి అరగంటా అదే కోరుకుంది. తమ్ముడే చంపి ఉండాలని కోరుకుంటున్నానని తనకే తట్టేసరికి ఆమెకు తన మీద తనకు అసహ్యం వేసింది. తట్టాక కూడా ఆ కోరిక ఆగలేదు, అదే అన్నిటికన్నా ఘోరం.

మేనేజరు తలుపు దగ్గర ఆగాడు. చేతిలో టీ గ్లాసు.

"ఏంటి నీడలమ్మా, పాత ముక్కేదో తీసినట్టున్నావ్?"

ఆమె దాచలేదు, నంబరు చెప్పింది. యార్డులో విరిగిన పిన్ను ఈ కడ్డీదేనని చెప్పింది. ఆయన టీ తాగడం ఆపేశాడు.

"ఎవరైనా అడిగారా నిన్ను?"

"లేదు సార్."

"మరి అడగనిదానికి జవాబు ఎందుకమ్మా వెతుక్కోవడం? ఒకసారి 'బాగుంది' అని రాసి ఇచ్చాం. ఇప్పుడు మళ్ళీ చూసి బాగాలేదంటే, రేపు మనం రాసిన ప్రతి కాగితాన్నీ తవ్వుతారు. నువ్వొక్కదానివే కాదు, ఇక్కడ పాతికమందిమి ఉన్నాం."

"క్రేను నడిపింది మా తమ్ముడు సార్."

మేనేజరు గుమ్మంలోంచి వెనక్కి జరిగాడు. "నేను ఇటు రాలేదు, ఏమీ చూళ్ళేదు" అని మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు. చెడ్డవాడు కాదాయన. అందరిలాగే తన ఒంటి మీదికి రానంతవరకూ మంచివాడు.

పుంజం వేసింది. బొమ్మ పైనుంచి దిగడం మొదలైంది, ఒక్కో వరసా ఒక్కో వెంట్రుకంత. ముందు గాటు కనపడింది. తర్వాత బూడిదరంగు, ఇంకా బూడిదరంగు. సగందాకా ఏమీ లేదు. ఆమె కుర్చీని తెర దగ్గరికి లాక్కుంది, అది సంతోషంతోనో కాదో ఆమే చెప్పలేకపోయింది. ఆ తర్వాతి వరసల్లో మెల్లగా నలుపు దిగింది. గుండ్రంగా, ఒక పక్కన తోకతో, గాటుకు సరిగ్గా అంతే దూరంలో. పాత బొమ్మ పక్కన పెట్టి చూడక్కర్లేకపోయింది. అయినా పెట్టి చూసింది. కడ్డీ నడిమధ్యలో చీలిక, నునుపు పట్టేటప్పుడు లోహం దాని మీదికి పాకి మూసేసింది. పైనుంచి చూస్తే ఎవరికీ కనపడదు. కనిపెట్టడానికే ఆ యంత్రం, కనిపెట్టడానికే ఆమె.

రెండు బొమ్మలూ జతచేసి కొత్త నివేదిక రాసింది. 'మొదటి పరీక్షలో నీడను జిగురు బుడగగా పొరబడ్డాను, మళ్ళీ అంటించి చూడలేదు' అని రాసి, కింద సంతకం పెట్టి విచారణాధికారికి పంపేసింది. మేనేజరు సంతకం కోసం ఆగలేదు. గదికి తాళం వేసి ఇంటికి వెళ్ళింది.

తమ్ముడు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మధ్యాహ్నం రెండైంది. ఆమె చెప్పులు కూడా విప్పలేదు.

"లేరా. నువ్వు కాదు. పిన్ను తీసిన కడ్డీలోనే పగులుంది. ఎనిమిది నెలల కిందట దాని ముక్క నా దగ్గరికే వచ్చింది. నేను చూశాను, చూసి బాగుందని రాసిచ్చాను. నీ కుదుపుతో కాదురా బక్కోడు పోయింది. నా వల్ల పోయాడు."

వాడు లేచి కూర్చున్నాడు. తిడతాడనుకుంది, ఏడుస్తాడనుకుంది. రెండూ చేయలేదు.

"ఆ కడ్డీలోంచి ఎన్ని పిన్నులు తీశారక్కా?"

"ఏంటీ?"

"కడ్డీ నిలువునా పగులుంటే ఒక్క పిన్నులోనే ఎందుకుంటుంది? ఎన్ని తీశారు?"

ఆ అంకె ఫైలులో ఉంది, పన్నెండు. పొద్దుట్నుంచీ ఎవరు చంపారన్న ధ్యాసలో పడి ఆమె ఆ అంకె మీదుగా నాలుగుసార్లు కళ్ళు పోనిచ్చింది గాని బుర్రకు ఎక్కలేదు. చెప్పేసరికి వాడు మంచం దిగి నిలబడ్డాడు.

"పన్నెండూ ఒకే పెట్టెలో వచ్చాయి. విరిగినదాని బదులు ఆ పెట్టెలోదే ఇంకోటి వేశారు. నిన్నట్నుంచి క్రేను నడుస్తోందని యార్డువాడొకడు చెప్పాడు."

ఫోను చేశారు. యార్డులో మోతకి ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశారు. తర్వాత ఇద్దరూ పరుగు. యార్డు నాలుగు వీధులవతల ఉంది. గేటు దగ్గర కాపలావాడు తమ్ముణ్ణి ఆపేశాడు. "నిన్ను లోపలికి రానిస్తే నా ఉద్యోగం పోతుందన్నా, అర్థం చేసుకో" అని చేతులు పట్టుకున్నాడు. ఆమె పరీక్షశాల కార్డు చూపించి లోపలికి దూరింది.

రేకుల కట్ట గాల్లో ఉంది. దాని కింద కాకపోయినా, పడితే తప్పించుకోలేనంత దగ్గరలో ఒక మనిషి చేయెత్తి నిలబడి ఉన్నాడు. ఆమె మేస్త్రీ దగ్గరికి ఉరికి, గొంతు చించుకుని ఆపమంది. ఆయనకు మొదట విసుగు, తర్వాత కోపం, ఆమె 'పిన్ను' అన్న మాట మూడోసారి అన్నాక భయం. ఈల ఊదాడు. కింద మనిషిని దూరంగా పొమ్మన్నాడు. కట్టను బెత్తెడు బెత్తెడు చొప్పున దింపారు. అది నేలకు ఆనాకే మేస్త్రీ ఆమె వైపు తిరిగాడు.

"పగులుందని ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు మేస్త్రీ.

"పరీక్ష చేసింది నేనే. బాగుందని మొదట రాసిచ్చిందీ నేనే."

చుట్టూ పదిమంది పోగయ్యారు. ఎవరూ చేయి చేసుకోలేదు, ఒక్క మాట అనలేదు. దారిమ్మని అడగకముందే పక్కకు జరిగి దారిచ్చారు. ఆ దారిలో నడవడం కంటే నాలుగు తిట్లు తినడం నయమనిపించింది ఆమెకు.

తమ్ముడు గేటు బయట గోడవారన కూలబడి ఉన్నాడు. ఆపేశారని చెప్పగానే, ఇన్నాళ్ళూ రానిది అప్పుడొచ్చింది వాడికి ఏడుపు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె భుజం మీద చేయి వేయబోతే వాడు భుజం తప్పించాడు. కావాలని చేసింది కాకపోవచ్చు. కాని తప్పించాడు.

కాసేపటికి మొహం తుడుచుకున్నాడు. "వాళ్ళమ్మ దగ్గరికి రోజూ వెళ్తున్నానక్కా. నీకు చెప్పలేదు. వెళ్ళి, నేనే చంపానని కాళ్ళ దగ్గర కూర్చునేవాణ్ణి. మొన్న ఆవిడ నా తల నిమిరింది. పోయినవాడు ఎలాగూ రాడు, నువ్వైనా వస్తూ ఉండు నాయనా అంది." గోడకు తల ఆనించాడు. "ఇప్పుడు వెళ్ళి, నేను కాదు, మా అక్క అని ఎలా చెప్పను?"

"నువ్వు చెప్పకు. ఇల్లు ఎక్కడో చెప్పు."

వాడు చెప్పాడు. వెంట రానని కూడా చెప్పాడు.

అది సందు చివర ఒంటిగది ఇల్లు. బక్కోడి తల్లి దర్జీ కొట్టుకి కాజాలు కుట్టే మనిషి. తలుపు తీసే ఉంది. వెలుగు కోసం గడప దగ్గరే కూర్చుని, ఒళ్ళో చొక్కాల దొంతర పెట్టుకుని కుడుతోంది. క్రేను నడిపినవాడి అక్కనని చెప్పగానే ఆవిడ మొహం విప్పారింది. "రా తల్లీ, కూర్చో. వాడు నిన్ను తలవని రోజు లేదు" అంది.

ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. యంత్రం సంగతి, నీడ సంగతి, జిగురు బుడగ అనుకున్న సంగతి, మళ్ళీ అంటించి చూడని సంగతి. ముసలామె సూది ఆపకుండా వింది. సగంలో ఆపింది. ఎలక్ట్రాన్లంటే ఏమిటో ఆవిడకి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. తెలియాల్సింది తెలిసింది.

"మళ్ళీ అంటించి చూడటానికి ఎంతసేపు పట్టేదమ్మా?"

"గంటన్నర."

ఆవిడ సూదిని ఒళ్ళోని చొక్కాకి గుచ్చి పెట్టింది. అడిగినప్పుడు గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"మరి ఆ గంటన్నర ఏం చేశావమ్మా?"

ఆమె జ్ఞాపకంలో వెతికింది. ఎనిమిది నెలల కిందటి ఆ రోజంతా వెతికింది. టిక్కు కొట్టడం గుర్తుంది, సంతకం గుర్తుంది, నీడకున్న తోక గుర్తుంది. దాని తర్వాత కాగితం అవతల పెట్టి ఏం చేసిందో, ఎవరితో మాట్లాడిందో, టీ తాగిందో, ఊరికే కూర్చుందో, ఒక్కటంటే ఒక్కటి గుర్తు రాలేదు.

"గుర్తు లేదమ్మా" అంది.